ఘనపుటడుగుల లెక్క

విజయనగరం కంటోన్మెంటు వెనక రోడ్డులో
తాళం చెవి తిరగడానికే పావుగంట పట్టింది.
కొబ్బరినూనె చుక్క వేసి, ఊది, బతిమాలి
"రాయే తల్లీ" అన్నాడు ఏసేబు
తాళాన్నో, తలుపునో.

నేను కలపకి ధర కట్టడానికి వచ్చినవాణ్ణి.
చెవి మీద పెన్సిలు, జేబులో టేపు.
రోడ్డు మీద కొత్త చర్చికి స్లాబు పడింది.
పాతదాంట్లో టేకు ఎన్ని ఘనపుటడుగులు,
చెద పోగా మిగిలేదెంత
కమిటీవారికి సోమవారానికల్లా కాగితం ఇవ్వాలి.

ముందు తల ఎత్తాను.
ఇంత పడవ కళింగపట్నంలో కూడా చూడలేదు,
ఎవరో బోర్లించి, ఒడ్డు మరిచిపోయి వెళ్ళారు.
నడిమి దూలానికి పంకా కప్పీ ఇంకా వేలాడుతోంది.
తాడు లేదు.
తాడు బయటికి పోయే కన్నం మాత్రం ఉంది గోడలో,
అంచు రాయి నున్నగా, గేదె కొమ్ములా అరిగి.
"మా ముత్తాత అటేపు కూకునేవోడు.
లోపల పాట ఇనపడీదంట,
మనిషి మాత్రం ఎప్పుడూ కనపళ్ళేదంట."

తూర్పు కిటికీ తమలపాకు మొనలా లేచింది.
రంగుటద్దాల్లో గొర్రెపిల్ల ఉంది,
కాపరి నడుం దాకే ఉన్నాడు.
పై సగం తుపాను పట్టుకుపోతే
నూనె డబ్బా రేకు కొట్టారు,
కాపరి తల ఉండాల్సిన చోట వేరుశనక్కాయ బొమ్మ.
కింద మిగిలిన ఎరుపు నేల మీద పాకి
నా బొటనవేలు దాకా వచ్చి ఆగింది.

చలువరాతి తొట్టిలో సోడా మూతలు.
"మనవరాలివి, తియ్యకు" అన్నాడు.
అతనికీ, అతని తండ్రికీ
ఆ తొట్టి దగ్గరే పేర్లు పెట్టారు.

బల్లలు ఇరవై రెండు.
ఒక్కోదాని ముందు పలకలో జానెడుకో గాటు.
గొడుగులకా అనడిగాను.
"తుపాకులకి."
మోకరించినవాడి కళ్ళకి సరిగ్గా ఎదురుగా.
రాసుకున్నాను: టేకు, గాట్ల వల్ల తరుగు.

ఇత్తడి పలకని ఏసేబు
ఏటా చింతపండేసి తోముతాడు.
"పంతొమ్మిదేళ్ళ కుర్రోడు, జొరమొచ్చి పోయేడు. పాపం, ఎవలున్నారు?"
తోమిన కొద్దీ పేరు పల్చబడుతోంది.
ఆ మాట నేను అనలేదు.

పాటల పలక మీద చివరి ఆదివారం అలాగే ఉంది.
పై మేకు ఊడి ఓ అంకె తలకిందులైంది,
నూట ఆరో, నూట తొమ్మిదో.
అడిగితే నవ్వాడు. "రెండూ వొచ్చు నాకు."

ఇక గద్ద.
రెక్కలు చాచి, వీపు మీద పుస్తకం మోసే గద్ద.
సీమ నుంచి ఓడలో వచ్చిందని పాత జాబితాలో ఉంది.
వేలి కణుపుతో కొట్టాను, అలవాటు కొద్దీ.
మోగింది.
టేకు అలా మోగదు.
పనస. ఒంటి దుంగ, లోపల తొలిచినది.
ముక్కు కింద పెదవి మెలిక, గుడ్ల ఉబ్బు,
మా గొల్లపల్లిలో వీణ దండి చివర కూర్చునే
యాళి ముఖం!
దొర చూపిన బొమ్మ ఏదైతేనేం,
చేతికి తెలిసిన ముఖమే చెక్కి పోయాడెవడో.

రెక్క కింద తడిమాను,
మావాళ్ళు గుర్తు పెట్టే చోట.
మూడు గాట్లు, వరిగింజంతవి.
ఉలి జారినవో, ఏమో.
మా తాత నాలుగు పెట్టేవాడు.

ఇన్నేళ్ళూ దాని వీపు మీద చదివిన మాటలన్నీ
ఆ గుల్లలోంచి కాస్త మోగే వెళ్ళుంటాయి.
వరసల్లో కూర్చున్నవాళ్ళు
పాదిరిగారి గొంతే అనుకుని ఉంటారు.
గోడ అవతల తాడు లాగేవాడు
ఏమనుకున్నాడో.

'పనస' అని రాసిన చోట పెన్సిలు ఆగింది.
"ఏటి రాస్తన్నావు బావూ?"
తాళంలోకి మళ్ళీ నూనె పోస్తూ ఏసేబు.
గబ్బిలం ఒకటి పంకా కన్నంలోంచి బయటపడింది.

టేపు వదిలాను.
సర్రున చుట్టుకుని డబ్బీకి టప్పున తగిలితే
వెనక నుంచి గద్ద
సన్నగా బదులిచ్చింది.